కూర్చోనివ్వని లైట్లు

తమన్నా తన చేతులతో వెలిగించిన తోటల్లో ఆమెకు బాగా నచ్చింది మడికొండ అవతల విల్లాల కాలనీలో గేటు పక్కనున్న పందిరి. చెక్క దూలాల మీదికి రాధామనోహరం తీగ పాకి, పొద్దుగూకే వేళకు తెల్లగా, గులాబీ రంగుగా, ఎర్రగా గుత్తులు గుత్తులు వేలాడేవి. కింద అర్ధచంద్రంలా రాతి అరుగు. ఏడాది కింద ఆ పని ఒప్పుకున్నప్పుడు ఆమె దూలాల లోపలి వైపు చిన్న చిన్న పసుపు లైట్లు దాచింది. అరుగు అంచు కింద సన్నటి పట్టీ లైటు అతికించింది. బల్బు ఎక్కడా కంటికి కనపడదు. వెలుగు మాత్రం ఆకుల్లోంచి జారి, కూర్చున్నవాళ్ళ భుజాల మీద, ఒళ్ళో పెట్టుకున్న చేతుల మీద పడుతుంది. ఆ పందిరి ఫోటోనే హన్మకొండలోని తమ దుకాణం బోర్డు మీద వేయించుకుంది.

దుకాణం ఆమెదీ, అన్న నాసిర్‌దీ. వాళ్ళ నాన్న ముక్తార్ బతికున్నంత కాలం పెళ్ళి పందిళ్ళకూ, దర్గాల ఉర్సులకూ సీరియల్ లైట్లు కట్టాడు. ఆయన పోయాక పిల్లలిద్దరూ తోటలకు లైట్లు పెట్టే పనిలోకి మళ్ళారు. ఊరి చుట్టూ కాలనీలు లేస్తున్నాయి. ప్రతి కాలనీకీ ఒక పార్కు, ప్రతి పార్కులో ఒక పందిరి, నాలుగు బెంచీలు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివిన తమన్నా ఎక్కడ ఏ వెలుగు పెట్టాలో చూసుకుంటుంది. నాసిర్ సామాను తెస్తాడు, నిచ్చెన ఎక్కుతాడు, బేరం మాట్లాడతాడు.

వేసవి చివర్లో ఒక రోజు ఆ కాలనీ సంఘం సెక్రటరీ భానుచందర్ ఫోన్ చేశాడు.

"ఒకపారి వచ్చి పో అమ్మా. పందిరి కాడ చిన్న ఛేంజ్ ఉన్నది."

ఏ వైరో కాలిపోయిందేమో అనుకుని ఆమె సాయంత్రం స్కూటీ మీద వెళ్ళింది. భానుచందర్ పందిరి దగ్గర లేడు. దూరంగా క్లబ్‌హౌస్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. రమ్మని చెయ్యి ఊపి, అక్కడినుంచే పందిరి వైపు చూపించాడు.

"సూశినవా?"

తమన్నా చూసింది. అరుగు మీద ఆరేడుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకామె చెప్పులు విప్పి పాదాలు ఒత్తుకుంటోంది. ఇంకొకామె టిఫిన్ డబ్బా మూత తీసి పక్కామెకు ఏదో పెడుతోంది. అందరూ ఒక్కసారిగా నవ్వారు.

"లైట్లు మంచిగనే ఎలుగుతాన్నయ్ కద సార్?"

"మంచిగ ఎలుగుతాన్నయ్. గదే తిప్పలయింది." భానుచందర్ గొంతు తగ్గించాడు. "వాళ్ళంత ఇండ్లల్ల పని చేసేటోళ్ళు. పని అయిపోంగనే పోవాలె కద? ఆటో వచ్చేదాక గీడ్నే కూసుంటాన్రు. గేట్ల అడుగు పెట్టంగనే మొదలు కనపడేది గీ పందిరే. ఇల్లు కొనవచ్చినోళ్ళు ఏమనుకుంటరు?"

"కూసోవద్దని చెప్పిన్రా?"

"అట్లెట్ల చెప్తమమ్మా? ఎవడన్న వీడియో తీసి పెడ్తె మన ఇజ్జత్ పోతది. మనం ఎవ్వలను ఏమనద్దు. లైట్లే చెప్పాలె." అతను నవ్వాడు. చాలా ఆలోచించి కనిపెట్టిన ఉపాయం చెప్పేవాడిలా దగ్గరికి జరిగాడు. "నువ్వు పెట్టిన గీ పసుపు లైట్లు తీసెయ్. నాలుగు మూలల నాలుగు తెల్ల ఫ్లడ్ లైట్లు. కూసున్నోళ్ళ కండ్లల్ల కొట్టాలె. ఒక్క నిమిషం గూడ ఆగబుద్ధి కావద్దు. వాళ్ళంతట వాళ్ళే లేసి పోవాలె. సమజైందా?"

తమన్నా చూసి వస్తానని పందిరి వైపు నడిచింది.

ఆమెను చూడగానే ఒక పెద్దావిడ పక్కకు జరిగి చోటిచ్చింది. ఆవిడ పేరు సమ్మమ్మ. ధర్మసాగర్ నుంచి రోజూ వచ్చి రెండిళ్ళలో వంట చేస్తుంది.

"రా బిడ్డా, కూసో. గీ లైట్లు పెట్టింది నువ్వేనట కద?"

"నేనే అత్తమ్మా."

"మస్తుగున్నయ్. పొయ్యి కాడికెల్లి వచ్చి గీడ కూసుంటే కండ్లకు సల్లగ ఉంటది."

పక్కనున్న చిలుకమ్మ అందుకుంది. ఆమె మూలమీది ఇంట్లో ఉండే రెబెకా సిస్టరమ్మ దగ్గర పని చేస్తుంది. "ఇంతకు ముందు మెయిన్ రోడ్డు మీద మురికినీళ్ళ మోరీ పక్కన నిలవడేటోళ్ళం అక్కా. చీకటి. లారీలు పక్కకెల్లే పోతాంటే పానం గజగజలాడేది. తాగినోళ్ళు బండి ఆపి ఏడికి పోతవ్, దింపాల్నా అని అడుగుదురు. ఇప్పుడు గా ఫికర్ లేదు."

గేటు బయట ఆటో హారన్ మోగింది. "ఎల్లస్వామి వచ్చిండే, లెవ్వున్రి!" అంటూ అందరూ సంచులు అందుకుని పరుగెత్తారు. ఎల్లస్వామి ఆటో పోతే ఇంకో ఆటో ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

ఖాళీ అరుగు ముందు తమన్నా కాసేపు నిలబడింది. తర్వాత క్లబ్‌హౌస్ మెట్ల దగ్గరికి వెళ్ళింది.

"నేను పెట్ట సార్."

"ఏంది?"

"గసొంటి లైట్లు నేను పెట్ట."

భానుచందర్ ముఖంలో నవ్వు అలాగే ఉంది. "మంచిగ ఆలోచించుకో. క్లబ్‌హౌస్ తోట పని గూడ మీకే ఇద్దామని సంఘంల మాట్లాడిన."

"ఇవ్వకున్రి సార్" అని ఆమె స్కూటీ తీసింది.

*

ఆమె ఇంటికి వచ్చేలోపలే భానుచందర్ ఫోన్‌లో ఆ మాట నాసిర్‌కు అందింది. తమన్నా చెప్పులు విప్పుతుండగానే మొదలుపెట్టాడు.

"మనం లైట్లు పెట్టేటోళ్ళం. వాటి కింద ఎవలు కూసుంటరు, ఎవలు లేస్తరు, అది మన పనా?"

"కండ్లల్ల కొట్టుమంటాండు భయ్యా. మనుషుల కండ్లల్ల."

"ఆయన జాగ, ఆయన పందిరి. నల్ల లైటు పెట్టుమంటే నల్ల లైటు పెడ్తం."

"నేను పెట్ట. ఎలుగు ఎందుకు పెడ్తరు? మనిషి కూసోనీకి. లేపనీకి ఐతే కట్టె పట్టుకోమను. నన్నెందుకు పిలుసుడు?"

వాళ్ళ అమ్మ తాహెరా బేగం గోడకు ఆనుకుని కూర్చుని చింతచిగురు ఏరుతోంది. పిల్లలు దుకాణం సంగతులు మాట్లాడుకునేటప్పుడు ఆమె సాధారణంగా కలగజేసుకోదు. ఆ రోజు చేట పక్కన పెట్టింది.

"మీ అబ్బా పెండ్లిళ్ళకు లైట్లు కట్టేటప్పుడు నేను గూడ పోయేదాన్ని. తమన్నా సంకల, నువ్వు నా కొంగు పట్టుకొని. అందరికి పట్టపగలు లెక్క ఎలుగు. మనం మాత్రం జనరేటర్ ఎనుక, పొగల, చీకట్ల కూసునేటోళ్ళం. ఒకపారి నీకు జరమొచ్చింది నాసిర్. గాలి తగులుతదని నిన్ను తీస్కపోయి ముందట కుర్సీల కూసున్న. అటెన్క ఒకాయన వచ్చి లేపిండు."

"అది వేరే ముచ్చట అమ్మీ."

"మీ అబ్బా నిచ్చెన మీద ఉండి చూసిండు. చూసి గూడ ఏమనలే. ఆయన మంచోడు. మంచోడే గని, గా రోజు ఏమనలే. అది నాకు ఇప్పటికి గుర్తున్నది."

నాసిర్ ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

*

ఆ తర్వాత కొన్ని రోజులు అన్నాచెల్లెళ్ళు అవసరమైనంత వరకే మాట్లాడుకున్నారు. తమన్నా కాజీపేటలో ఒక డాక్టరు గారి మిద్దెతోట పనిలో పడింది. ఒక సాయంత్రం ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. చిలుకమ్మ.

"ఏందక్కా, అంత మంచి లైట్లు గట్ల చేసినవ్?"

"నేనేం చెయ్యలే."

"మీ దుకాణం పేరే ఉన్నది గద డబ్బా మీద."

తమన్నా వెంటనే బయలుదేరింది. కాలనీ ఇంకా చాలా దూరం ఉండగానే ఆ తెలుపు కనపడింది. పందిరికి నాలుగు మూలలా ఇనుప స్తంభాలు పాతి ఫ్లడ్ లైట్లు బిగించారు. అన్నీ అరుగు వైపే వంచి ఉన్నాయి. రాధామనోహరం పువ్వులన్నీ సున్నం కొట్టినట్టు ఒకటే రంగులోకి మారిపోయాయి. నీడలు కత్తిరించి పడేసినట్టు నల్లగా ఉన్నాయి. స్తంభానికున్న స్విచ్చు డబ్బా మీద తమ దుకాణం స్టిక్కరు మెరుస్తోంది.

నాసిర్ పని. చెల్లెలికి చెప్పకుండా వచ్చి చేసిపోయాడు.

ఆమె ఎవరి ముఖమూ చూడలేక ఆ డబ్బా దగ్గరే నిలబడి స్టిక్కరును గోరుతో గీకడం మొదలుపెట్టింది. అప్పుడు వెనక నుంచి నవ్వులు వినపడ్డాయి. తిరిగి చూసింది.

ఆడవాళ్ళెవరూ లేచి వెళ్ళలేదు. అందరూ అరుగు మీదే ఉన్నారు. సమ్మమ్మ పెద్ద నల్ల గొడుగు విప్పి పట్టుకుంది. చిలుకమ్మ దగ్గర పువ్వుల గొడుగు. ఒకామె కొంగు ముఖం మీదికి లాక్కుంది, ఇంకొకామె కూరగాయల సంచి తల మీద బోర్లించుకుంది.

"ఎండ మస్తుగున్నది బిడ్డా" అంది సమ్మమ్మ. "ఒళ్ళు మాడుతది, గొడుగు కిందికి రా."

తమన్నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎన్ని తోటలకు లైట్లు పెట్టింది! పని అయ్యాక ఏ ఒక్క తోటలోనూ ఆమె కూర్చోలేదు. ఎవరూ కూర్చోమనలేదు, ఆమెకూ తోచలేదు. వెళ్ళి సమ్మమ్మ పక్కన, గొడుగు కింద కూర్చుంది. సమ్మమ్మ దగ్గర పోపు వాసన వస్తోంది. గొడుగు బట్టలో చిన్న చిల్లు ఉంది. అందులోంచి సూదిలాంటి తెల్లటి వెలుగు ఆమె మోకాలి మీద పడింది.

కాసేపటికి భానుచందర్ వచ్చాడు. గొడుగులన్నీ చూశాడు. తమన్నాను చూసి ఆగిపోయాడు.

"నువ్వెందుకు కూసున్నవ్ ఈడ?"

"ఎండ తగ్గినంక పోదామని సార్."

గొడుగుల కింద నవ్వు పొంగింది. భానుచందర్ మెడ మీద నరం లేచింది. "తమాషా చేస్తాన్రా? రేపటి సంది సెక్యూరిటీకి చెప్త, ఒక్కలు గూడ ఈడ కూసోవద్దని."

తమన్నా లేచి నిలబడింది. "చెప్పున్రి సార్. ఇగో అందరున్నరు, ఇప్పుడే చెప్పున్రి. మీ నోటితోని చెప్పున్రి, లైట్లతోని చెప్పిచ్చుడెందుకు? 'మీరు మా ఇండ్లల్ల వండాలె, కడగాలె, మా పిల్లలను పెంచాలె. గని ఈ రాయి మీద కూసోవద్దు.' గంతే కద, అనున్రి."

సైకిళ్ళు తొక్కుతున్న పిల్లలు ఆగి చూస్తున్నారు. ఎదురింటి బాల్కనీలోకి ఇద్దరు ముగ్గురు వచ్చారు. భానుచందర్ చుట్టూ చూశాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టుగా వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర తమన్నా ఒకే ఒక మాట అడిగింది. "స్టిక్కర్ ఎందుకు అతికిచ్చినవ్ భయ్యా?"

"అన్ని పనులకు అతికిస్తం."

"దీనికి వద్దు. మన అబ్బా పేరు మీద ఉన్న దుకాణం అది."

నాసిర్ కంచంలోకే చూస్తూ తిన్నాడు.

*

గొడుగులు ఆ ఒక్క రోజుతో ఆగలేదు. రోజూ సాయంత్రం పని ముగించుకుని ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు, గొడుగులు విప్పేవాళ్ళు, ఆటో వచ్చేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్ళు. తీరిక దొరికిన రోజు తమన్నా కూడా వెళ్ళేది. కొద్ది రోజులకు కాలనీ పిల్లలకు అదొక ఆటయింది. వాళ్ళూ ఇళ్ళ నుంచి రంగురంగుల గొడుగులు తెచ్చుకుని అరుగు చివర వరసగా కూర్చున్నారు. తల్లులు కొందరు వచ్చి పిల్లలను లాక్కెళ్ళారు. కొందరు నవ్వుకుని వదిలేశారు. సంఘం వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పడ్డాయి. ఆ లైట్ల వల్ల మాకు నిద్ర పట్టడం లేదని పక్క విల్లాల వాళ్ళు రాశారు. భానుచందర్ దేనికీ జవాబు రాయలేదు. పంతం పట్టినవాడిలా లైట్లను రోజూ తనే వచ్చి వేయించేవాడు.

తొలకరి పడిన రోజు వాటి సంగతి తేలింది. మధ్యాహ్నం గట్టి వాన కురిసి, పొద్దుగూకే వేళకు వెలిసింది. ఆడవాళ్ళు ఆకాశం చూసి తొందరగా ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఫ్లడ్ లైట్లు మాత్రం వెలిగాయి. తడిసిన నేలలోంచి ఉసిళ్ళు లేచాయి. కాలనీ చుట్టూ ఉన్న మెట్ట చెలకల్లోని ఉసిళ్ళన్నీ ఆ నాలుగు లైట్ల మీదికే వచ్చిపడ్డాయి. లైట్ల చుట్టూ పొగ కమ్మినట్టయింది. అక్కడ చోటు చాలక ఎదురుగా ఉన్న ఇళ్ళలోకి జొరబడ్డాయి. అందరికంటే దగ్గరున్నది భానుచందర్ ఇల్లే. ఆ రోజు వాళ్ళింట్లో బంధువులకు భోజనాలు. తలుపులు మూసేలోపల బిర్యానీ గిన్నెల నిండా రెక్కలు. ఆడవాళ్ళ తలల్లో రెక్కలు. చిన్నపిల్ల ఒకతి కుర్చీ మీద నిలబడి గుక్క పట్టి ఏడుస్తోంది. కాలనీ అంతా లైట్లు ఆర్పుకుని చీకట్లో కూర్చుంది.

భానుచందర్ నాసిర్‌కు ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మన్నాడు.

నాసిర్ ఇంటికి తిరిగి వచ్చేసరికి తల్లీ కూతుళ్ళు అన్నం తింటున్నారు. అతను నిచ్చెన గోడకు ఆనించి గుమ్మంలోనే నిలబడ్డాడు. జుట్టులో ఉసిళ్ళ రెక్కలు అంటుకుని ఉన్నాయి.

"ఏమైంది నాయినా?" అని తాహెరా బేగం లేచి నీళ్ళు ఇచ్చింది.

"ఒరేయ్ అన్నడు అమ్మీ. సుట్టాలందరి ముందట. 'ఏం లైట్లు పెట్టినవురా, పని రానోడివి ఎందుకు ఒప్పుకున్నవురా' అన్నడు. నువ్వు చెప్పినయే పెట్టిన సార్ అన్న. నేను గివి చెప్పలే అన్నడు." నీళ్ళు తాగకుండా గ్లాసు పట్టుకునే ఉన్నాడు. "అన్ని విప్పుకొచ్చిన. పాత లైట్లు మళ్ళ పెట్టాల్నా అని అడిగిన. ఏం వద్దు, చీకటే మంచిది, ఎవ్వలు రారు అన్నడు."

తమన్నాకు అనాల్సిన మాటలు చాలా ఉన్నాయి. అన్న తల వంచుకుని నిలబడ్డ తీరు చూసి, లేచి వెళ్ళి అతని జుట్టులోని రెక్కలు ఒక్కొక్కటిగా తీసింది.

*

పందిరి చీకటైంది. దానితో పాటు, పని అయిన వెంటనే పనివాళ్ళు గేటు దాటాలని, లోపల ఎక్కడా ఆగకూడదని సెక్యూరిటీ వాళ్ళకు చెప్పారు. ఆడవాళ్ళు మళ్ళీ మెయిన్ రోడ్డు మీదికి, మోరీ పక్కకి వెళ్ళి నిలబడ్డారు. వానలు ముదిరాయి. ఒక సాయంత్రం లారీకి దారి ఇవ్వబోయి చిలుకమ్మ వెనక్కి జరిగి మోరీలో పడింది. చీలమండ బెణికి, మోచెయ్యి చీరుకుపోయింది. మిగతావాళ్ళు ఆమెను లేపి, దగ్గర్లోనే ఉన్న రెబెకా ఇంటికి తీసుకువచ్చారు.

రెబెకా ప్రభుత్వ దవాఖానలో నర్సుగా చేరి, నర్సులందరి మీద పెద్దగా ఉండి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక కర్ర పట్టుకుని నడుస్తోంది కానీ గొంతు మాత్రం వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినపడే గొంతే. ఆమె చిలుకమ్మ గాయం కడిగింది, కట్టు కట్టింది, పడుకోబెట్టింది. ఆ తర్వాత తమన్నాకు ఫోన్ చేసింది.

"నాకొక పందిరి గావాలె."

మరునాడు తమన్నా వెళ్ళేసరికి రెబెకా తన ఇంటి ముందు తోటలో నిలబడి ఉంది. కాలనీలో ఆమెది మూల ఇల్లు. ప్రహరీ గోడకు అవతల నేరుగా మెయిన్ రోడ్డే. ఆమె కర్రతో ఆ గోడను పొడిచి చూపించింది.

"గీ గోడ గింత వరకు కూలగొట్టి రోడ్డు మీదికి సిన్న గేటు పెట్టిస్తాన్న. మేస్త్రీతోని మాట్లాడిన. లోపల గీడ అరుగు. పైన పందిరి. లైట్లు నువ్వు చూస్కో."

"ఎట్లుండాలె సిస్టరమ్మా? లోపలికి మాత్రమే కనపడాల్నా?"

"రోడ్డు మీద పోయేటోనికి గూడ కనపడాలె. ఈడ ఆడోళ్ళు కూసున్నరని తెల్వాలె."

"సంఘం ఊకోదు సిస్టరమ్మా."

"ఏటేటా క్రిస్మస్‌కు నా ఇంటి మీద ఇంత పెద్ద నక్షత్రం ఏలాడదీస్త. గా ఎలుగు ఎవలి మీద పడ్తాంది, ఎందుకు పడ్తాందని ఏ సంఘమన్న అడిగిందా? ఇది గూడ నా జాగలనే, నా కరెంటే." ఆమె తమన్నా భుజం మీద చెయ్యి వేసింది. "నీకు భయమైతాందా?"

తమన్నా నిజమే చెప్పింది. "అయితాంది. ఐనా పెడ్త."

అరుగు కట్టడం అయిపోయి, పందిరి దూలాలు నిలబడిన రోజు ఉదయం ఆమె ఒంటరిగా సామాను సర్దుకుంటుంటే నాసిర్ నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. సామాను అంతా బండిలో పెట్టి "ఎక్కు" అన్నాడు.

రోజంతా ఇద్దరూ పని చేశారు. చీకటి పడుతుండగా లైట్లు వేసి చూశారు. తమన్నా అరుగు మీద అటు చివర, ఇటు చివర, మధ్యలో కూర్చుని చూసింది.

"జర కిందికి వంచు భయ్యా, కండ్లల్ల పడ్తాంది."

నాసిర్ వంచాడు. "ఇప్పుడు?"

"ఇంక జర."

అతను ఇంకొంచెం వంచి, నిచ్చెన దిగి వచ్చాడు. చెల్లెలి మాట నమ్మనట్టు తనే అరుగు మీద కూర్చుని తల ఎత్తి చూశాడు. మళ్ళీ లేచి నిచ్చెన ఎక్కి మరో లైటు సరిచేశాడు. వచ్చి ఇంకో చోట కూర్చున్నాడు. అలా అరుగు పొడుగునా జరుగుతూ, ఒక్క చోట కూడా కంట్లో పొడవకుండా అయ్యేదాకా ఎక్కి దిగుతూనే ఉన్నాడు.

*

మొదటి సాయంత్రమే భానుచందర్ ఇద్దరు సంఘం సభ్యులను వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పటికి అరుగు నిండుగా ఉంది. సమ్మమ్మ ఉంది, కాలికి కట్టుతో చిలుకమ్మ ఉంది. తమన్నా, నాసిర్ ఒక పక్కన నిలబడి ఉన్నారు. తాహెరా బేగం కూడా వచ్చి రెబెకా పక్కన కూర్చుంది.

"మేడం, ఇది రూల్స్‌కు విరుద్ధం" అన్నాడు భానుచందర్. "కాంపౌండ్ గోడలు మార్చద్దని మీరు సంతకం పెట్టిన్రు. ఈ మనుషులు ఎవలు?"

"నా సుట్టాలు."

"వీళ్ళా?"

"మీ ఇంటికి సుట్టాలొస్తే నేను లెక్క అడిగిన్నా? నా ఇంటికి రోజు సాయంత్రం సుట్టాలొస్తరు. ఆటో వచ్చేదాక కూసుంటరు. పోతరు."

"లీగల్ నోటీస్ ఇయ్యాల్సొస్తది."

"ఇయ్యి నాయినా. నా బతుకంత పెద్ద పెద్ద డాక్టర్ల కేకలు ఇన్న. నీ నోటీసుకు భయపడ్తనా? కోర్టుల ఐతే కోర్టుల. జడ్జిగారికి గూడ ఇదే చెప్త, గీ అరుగు ఎందుకు కట్టిన్నో."

భానుచందర్ తమన్నా వైపు తిరిగాడు. "నీ సంగతి నేను చూస్త. ఈ చుట్టుపక్కల ఏ కాలనీల నీకు పని దొరకదు."

"దొరకకపోతే మానె సార్" అంది తమన్నా. "గీ పందిరి ఫోటో తీసి బోర్డు మీద పెడ్తం. ఇసొంటియి పెట్టిచ్చుకునేటోళ్ళే మా కాడికి వస్తరు."

"నువ్వన్న చెప్పవేంది నాసిర్?" అన్నాడతను, మగవాడితో మాట్లాడితే పని అవుతుందన్నట్టు.

నాసిర్ తల్లి వైపు ఒకసారి చూశాడు. "ఒరేయ్ అన్నప్పుడు నేను మాట్లాడలే సార్. ఇప్పుడు మాట్లాడుతాన్న. లైట్లు నేనే బిగిచ్చిన. తియ్య."

ఆ తర్వాత భానుచందర్ అక్కడ ఎక్కువసేపు ఉండలేదు.

అతను అన్నంత పనీ చేశాడు. నోటీసు వచ్చింది, రెబెకా దానికి గట్టిగా జవాబు పంపింది, వ్యవహారం ఇంకా తేలలేదు. మడికొండ వైపు రెండు కాలనీల వాళ్ళు ఒప్పుకున్న పని మానుకున్నారు. కొన్నాళ్ళు దుకాణంలో ఈగలు తోలుకుంటూ కూర్చోవలసి వచ్చింది. నాసిర్ మళ్ళీ పెళ్ళిళ్ళకు సీరియల్ లైట్లు కట్టడానికి వెళ్ళాడు. ఎక్కడికి వెళ్ళినా ముందు వరసలో తన వాళ్ళకని రెండు కుర్చీలు మాట్లాడుకున్నాకే పని ఒప్పుకుంటున్నాడని తాహెరా బేగం నవ్వుతూ చెబుతుంది. ఆ తర్వాత హసన్‌పర్తి దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ వాళ్ళు బోర్డు మీది ఫోటో చూసి వచ్చి, తమ గేటు ముందు కూడా అలాంటిదే కావాలన్నారు.

కాలనీలో కొందరు రెబెకాతో మాట్లాడటం మానేశారు. కొందరు ఆడవాళ్ళు మాత్రం సాయంత్రం నడకకు వచ్చి, ముందు గేటు దగ్గర నిలబడి, తర్వాత లోపలికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. ఇంట్లో ఎప్పుడూ వంటింటి గుమ్మం దగ్గరే మాట్లాడుకున్న మనుషులు ఒకే అరుగు మీద కూర్చునేసరికి మొదట ఇరువైపుల వాళ్ళకూ మాటలు దొరకలేదు. వానలూ, దోమలూ, పిల్లల పరీక్షలూ అంటూ నెమ్మదిగా దొరికాయి.

దసరా ముందు ఒక సాయంత్రం రోడ్డు మీద ఎల్లస్వామి ఆటో వచ్చి ఆగింది. హారన్ కొట్టాడు. అరుగు మీద సమ్మమ్మ ఏదో కథ చెబుతోంది. తాను వండే ఇంట్లో అల్లుడు ఉప్మాలో ఉప్పు లేదని అలిగిన వైనం. అందరూ ఆమె నోరే చూస్తున్నారు. ఎల్లస్వామి మళ్ళీ హారన్ కొట్టాడు.

"జర ఆగు ఎల్లన్నా!" అని చిలుకమ్మ కేకేసింది. "ముచ్చట సగంల ఉన్నది."

"నాకు టైమైతాంది!"

"ఐతే పో. ఇంకో ఆటో వచ్చేదాక గీడ్నే కూసుంటం. మాకేం తక్కువున్నది?"

ఎల్లస్వామి కాసేపు గొణుక్కున్నాడు. తర్వాత ఇంజను ఆపి, దిగి, గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. తమన్నా జరిగి అతనికి చోటిచ్చింది. "ఇగ చెప్పు సమ్మక్కా" అన్నాడతను కూర్చుంటూ, "అలిగినోడు ఏం జేసిండు?"